ఎడమ చేతుల పాఠం

ఆయన పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఏడో తరగతిలో పాఠం చెబుతున్నాను. మా తెలుగు సారు తలుపు దగ్గరికి వచ్చి, "మేడం, జపాను సారు పోయినాడంట. ఉరవకొండ నుంచి ఫోనొచ్చింది" అన్నారు. ఇలాంటి చోట చాలామంది, పాఠం ఆపితే ఆయనకు నచ్చదు కాబట్టి కొనసాగించాను అని రాస్తారు. నేనైతే ఆపేశాను. కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పిల్లలు బిత్తరపోయారు. కాసేపటికి ముందు బెంచీ పిల్ల లేచి వచ్చి తన నీళ్ల బాటిలు నా బల్ల మీద పెట్టి పోయింది.

ఆయన పేరు రాయను. తన పేరు ఎక్కడ రాసి ఉన్నా ముఖం చిట్లించే మనిషి. సన్మానమంటే పారిపోయేవారు. ఒకసారి మండలంలో ఎవరో పట్టుకుని శాలువా కప్పబోతే, "ఈ ఎండలకు ఇదేందప్పా, చలికాలం రానీండి" అని చేత్తో పక్కకు తోసేశారు. కప్పడానికి వచ్చిన పెద్దమనిషి శాలువా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు నవ్వాగలేదు.

బెళుగుప్ప వైపు ఒక హైస్కూల్లో ఆయన సైన్సు సారు, నేను లెక్కల మేడం. నాకు కొత్త ఉద్యోగం, ఆయనకు అప్పటికే ముప్పై ఏళ్లు దాటిన సర్వీసు. నేను చేరిన ఏడాదే ఆయన ఉపాధ్యాయుల మార్పిడి కింద అయిదు వారాలు జపాను వెళ్లొచ్చారు. ఈ బడి నుంచి ఒకరు అక్కడికి పోవడం, అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి రావడం, అదీ ఏర్పాటు. మేమంతా చాక్లెట్ల కోసం, ఫోటోల కోసం, బుల్లెట్ రైలు కబుర్ల కోసం ఎదురుచూశాం. ఆయన చేతులూపుకుంటూ వచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టారు.

"జపాను ఎట్లుండాది సార్?" అని హెడ్మాస్టరు గారు అడిగారు.

"నేను చూసింది ఒక బడి సార్. బడి బాగుండాది."

అంతే. ఎవరెన్ని సార్లు అడిగినా అదే జవాబు. నెల రోజుల తర్వాత అడగడం మేమే మానేశాం.

కానీ మనిషి మారాడని పిల్లలు ముందే కనిపెట్టారు. మొదట ఆయన వాళ్ల రబ్బర్లన్నీ వసూలు చేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. "చెరపొద్దు. తప్పయితే అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన రాయండి. నీ తప్పు నాకు కనపడల్ల, దాచగూడదు" అన్నారు. మా ఇంగ్లీషు మేడం వాళ్లాయన, ఆయనా టీచరే, "ఇంత దూరం విమానమెక్కి పోయి రబ్బరు మానేయల్లని నేర్చుకొని వచ్చినాడప్పా" అని ఊరంతా చెప్పి నవ్వించాడు. నేనూ నవ్విన వాళ్లలో ఉన్నాను.

దాని వెనక కథ ఆయన నాకు ఒక్కసారే చెప్పారు, మధ్యాహ్న భోజనం వరసలో పళ్లెం పట్టుకుని నిలబడి ఉండగా. జపాను బడిలో ఆయన శనక్కాయ చెట్టు గురించి పాఠం చెప్పారట. పువ్వు మట్టి పైన పూస్తుంది, కాయ మట్టి లోపల కాస్తుంది. మన జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి, అక్కడి పిల్లలకు వింత. పువ్వు బొమ్మ చూపించి, కాయ ఎక్కడ కాస్తుందో ఊహించి రాయమన్నారు. పాఠం బ్రహ్మాండంగా నడిచింది. అయ్యాక పాఠం చూసిన ముప్పై మంది టీచర్లు కూర్చున్నారు. చప్పట్లు కొడతారనుకున్నారు ఈయన. ఒకామె లేచి, మూడో వరసలో ఒక పిల్ల రాసింది చెరిపేసింది, చూశారా అని అడిగింది. ఈయన చూడలేదు.

"కాయ మట్టి లోపల కాస్తదని రాసిందంటమ్మా ఆ పిల్ల. పక్కనోళ్లంతా కొమ్మకు గీసినారు. చూసి చెరిపేసింది. రైటు రాసి చెరిపేసింది! రెండు గంటలు ఆ ఒక్క పిల్ల గురించే మాట్లాడినారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకుండానే ఉతికి ఆరేసినారు."

చెబుతూ ఆయన పళ్లెం ముందుకు జరిపారు. వంటామె సాంబారు పోసింది. ఆ పిల్ల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇక రెండో మార్పు మా అందరికీ గుచ్చుకుంది. ఆయన మా తరగతులు చూస్తానన్నారు. తన తరగతికి ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చన్నారు. మన బడుల్లో టీచరు పాఠం చెబుతుండగా ఇంకో పెద్దమనిషి గదిలో ఉన్నాడంటే అది తనిఖీ. తనిఖీ కాకుండా ఎవరూ ఎవరి తరగతినీ చూడరు. అది ఒక మర్యాద. ఇంట్లో అన్నం తింటుంటే కిటికీలోంచి తొంగిచూడకూడదన్నట్టు. "మాకేం తక్కువని చూస్తాడంట?" అని స్టాఫు రూములో గొణిగారు. ఒక్కరూ రానివ్వలేదు.

నేను రానిచ్చాను. మంచితనంతో కాదు. మరుసటి ఏడాది జపాను పోవడానికి మా బడి నుంచి ఒక పేరు పంపాలి. అది నా పేరు కావాలి. నేను అప్పటిదాకా బెంగుళూరు దాటి పోలేదు. పడుకున్నా లేచినా అదే ధ్యాస. పోయి వచ్చిన మనిషి మాటకు విలువుంటుందని లెక్క వేసి, "మా క్లాసుకు రండి సార్" అని తియ్యగా పిలిచాను.

ఆయన వెనక బెంచీలో కూర్చోలేదు. నల్లబల్ల పక్కన, కిటికీకి ఆనుకుని, పిల్లల వైపు తిరిగి నిలబడ్డారు. అలా ఎందుకని అడిగితే, "నీ మొహంలో ఏముందమ్మా చూడనీకి? పాఠం జరిగేది వాళ్ల మొహాల్లో గదా" అన్నారు. కాగితం లేదు, పెన్ను లేదు. గంట కొట్టగానే ఒక్క మాట అనేవారు. "ఆ చివరి పిల్లోడు ఈ పొద్దు నోరు తెరవలేదు." లేదా, "నువ్వు అడిగినావు, నువ్వే చెప్పేసినావు." మెచ్చుకోలు లేదు. నాకు ఒళ్లు మండేది. నవ్వుతూ "సరే సార్" అనేదాన్ని.

ఇప్పుడు నా గుట్టు ఒకటి చెప్పాలి. మన బడుల్లో చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. తనిఖీకి ఎవరైనా వస్తే టీచరు ప్రశ్న అడగ్గానే తరగతి మొత్తం చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లోంచే ఒకరిని లేపుతుంది. చూసేవాళ్లకు తరగతి గోధుమ చేనులా నిండుగా కనబడుతుంది. నేను చదువుకునే రోజుల్లో లెక్కల్లో కుడి, ఇంగ్లీషులో ఎడమ. టీచరయ్యాక అదే విద్య నా పిల్లలకు నేర్పాను. సారు కిటికీ దగ్గర నిలబడినన్ని రోజులూ అదే నడిపించాను. ఆయన కనిపెట్టలేదనే అనుకున్నాను.

ఆ శీతాకాలం జపాను నుంచి లెక్కల టీచరు ఒకామె వచ్చింది. అనంతపురంలో దిగి, మా బడిలో నాలుగు రోజులు ఉండేలా ఏర్పాటు. బక్కపల్చటి మనిషి, మెడలో నోటు పుస్తకం వేలాడుతూ ఉండేది. ఆమె ఇంగ్లీషు మాకెవరికీ అంతు పట్టేది కాదు. ఆ యాసకు అలవాటు పడ్డ సారు ఒక్కరే తెలుగులో చెప్పేవారు. రెండో రోజు నా తరగతికి వచ్చింది. హెడ్మాస్టరు గారు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పేరు పంపాల్సింది ఆయనే. నా పాఠం గుర్రంలా పరుగెత్తింది. ప్రశ్న అడిగాను. తరగతి మొత్తం చేతులెత్తింది. ఒక కుడి చేతిని లేపాను. జవాబు గంట కొట్టినట్టు వచ్చింది.

అప్పుడామె చెయ్యెత్తి ఏదో అడిగింది. సారు విని తెలుగులో చెప్పారు. "మీ పిల్లోళ్లలో ఎడమ చేతి వాటమోళ్లు ఇంత మందుండారే, ఏంటికని అడుగుతాండారు."

హెడ్మాస్టరు గారికి సంగతి తెలుసు. ఆయన నాకంటే ముందు తేరుకున్నారు. "అవునవును, మా తావ ఎడమ చేతోళ్లు జాస్తి. నీళ్ల గుణం అది. చెప్పప్పా ఆమెకు" అన్నారు.

సారు చేతులు కట్టుకున్నారు. "నేను చెప్పలేను సార్. నా ఇంగ్లీషు అంత దూరం పోదు." నా వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు చెప్తావా?"

పిల్లలకు చేతులు దింపమని ఎవరూ చెప్పలేదు. అందరూ అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నారు. రెండో వరసలో ఒక పిల్ల ఎడమ చెయ్యి నొప్పెట్టి కుడి చేత్తో దాన్ని కింది నుంచి పట్టుకుంది. ముఖంలో మాత్రం బెదురు లేదు, మేడం చెప్పిన పని చేస్తున్నానన్న నమ్మకమే ఉంది. జపాను పోవాలంటే నీళ్ల గుణం అని తలూపితే చాలు. ఆ పిల్లను చూశాక తల ఊగలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో, "రైట్ హ్యాండ్, నోస్. లెఫ్ట్ హ్యాండ్, డజ్ నాట్ నో. ఐ టాట్ దెమ్" అన్నాను.

హెడ్మాస్టరు గారి ముఖాన నెత్తుటి చుక్క లేదు. జపానామె నవ్వలేదు. వేలుతో చూపిస్తూ ఎడమ చేతులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది. తర్వాత ఒక మాట అడిగింది.

"రేపు ఆ పిల్లోళ్లకు పాఠముందా, తాను రావచ్చునా అంటాండారు" అన్నారు సారు.

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు అడిగాను. "మీకు ముందే తెలుసా సార్?"

"మూడో దినమే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నేను చెప్తే నాతో కొట్లాడి, మల్ల అదే చేస్తావు. నీ నోట నీకే రావల్ల."

మరునాడు తరగతి గదిలో జపానామె, సారు, హెడ్మాస్టరు గారు, తమాషా చూడ్డానికి వచ్చిన మరో నలుగురు టీచర్లు. నిన్న ఎడమ చెయ్యెత్తిన వాళ్లను మాత్రమే చేతులెత్తమన్నాను. మైనస్ మూడు వందలు, మైనస్ ఆరు వందలు, ఏది పెద్దది? ఎడమ చేతులన్నీ ఒకే గొంతుతో, "మైనస్ ఆర్నూర్లు మేడం!" ఎందుకని అడిగాను. హెడ్మాస్టరు గారు దగ్గారు. నేనే చెప్పేద్దామని నాలుక దురద పెట్టింది. కిటికీ వైపు చూశాను. సారు నన్ను చూడటం లేదు, పిల్లల్ని చూస్తున్నారు. నోరు మూసుకున్నాను.

చెయ్యి నొప్పెట్టిన ఆ పిల్లే లేచింది. "ఆర్నూర్లడుగుల బోరు పెద్దది గదా మేడం. మా నాయన మున్నూరు ఏపిచ్చినాడు. మా పెద్దనాయన ఆర్నూర్లు ఏపిచ్చినాడు. పెద్దనాయనదే పెద్ద బోరు."

ఆ బోరు నాదే. నేల మట్టం సున్నా, బోరు కిందికి పోయేకొద్దీ మైనస్ అని వాళ్లకు చెప్పింది నేనే. మన పిల్లలకు తెలిసిన ఉదాహరణ అని గర్వపడ్డాను కూడా. నేను చెప్పిందాన్ని బుద్ధిగా నమ్మిన వాళ్లంతా ఎడమ చేతులయ్యారు. కుడి చేతుల్లో మొదటి ర్యాంకు కుర్రాణ్ని లేపి, "నువ్వు చెప్పు, మైనస్ ఆరు వందలు ఎందుకు చిన్నది?" అంటే, "రూలు మేడం" అన్నాడు. వాడికీ తెలియదు.

ఏం చేయాలో తోచక ఆ పిల్లనే అడిగాను. "మీ పెద్దనాయన బోరులో నీళ్లు ఎక్కడున్నాయే?"

"ఆడ కిందుండాయి మేడం, ఆర్నూర్ల కాడ."

"ముందు ఎక్కడుండేవి?"

"ముందు మున్నూరుకే ఉండె. ఇప్పుడు దిగిపోయినాయి. తగ్గినాయి." అని ఆగింది. నల్లబల్ల వైపు చూసింది. "ఓ... బోరు పెరిగింది, నీళ్లు తగ్గినాయి. మనం చూడల్సింది బోరు గాదు మేడం. నీళ్లు యాడుండాయో అది చూడల్ల. మైనస్ ఆర్నూర్లే చిన్నది!"

నీళ్లు దిగిపోయాయన్న మాట ఇంత సంతోషంగా ఈ జిల్లాలో ఎవరూ అని ఉండరు. తరగతి గొల్లుమంది. హెడ్మాస్టరు గారే ముందు చప్పట్లు కొట్టారు. జపానామె సారు చేత మాటమాటా తర్జుమా చేయించుకుని రాసుకుంది. సారు మాత్రం గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి, "ఆ పిల్ల 'ఓ' అన్నప్పుడు నువ్వు బోర్డు మీద రాస్తాండావు. ఆపి దాని మొహం చూడల్ల" అన్నారు. అంత చేసినా అదీ ఆయన మెచ్చుకోలు!

ఇక నా పేరు ఖాయమనుకున్నాను. నెల తర్వాత చూస్తే మా బడి నుంచి ఎవరి పేరూ పోలేదు. హెడ్మాస్టరు గారిని అడిగితే నేల చూపులు చూశారు. పొద్దున్నే సారు ఇంటికి పోతే, "నేనే వద్దన్నా" అన్నారు, వేపపుల్లతో పళ్లు తోముకుంటూ ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా.

"ఏంటికి సార్?" అరిచినంత పని చేశాను.

"మార్పిడి అంటే ఏందమ్మా? మనం ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకునేది. నేను ఒట్టి చేతుల్తో పోయినా. శనక్కాయ బొమ్మ చూపిచ్చి వచ్చినా, అంతే. వాళ్లింట్లో తిని చెయ్యి కడుక్కొని వచ్చినట్టుండాది. నీ దగ్గర ఇయ్యనీకి ఒక పాఠముండాది. నిన్న గాక మొన్న పుట్టింది. పండనీ. పచ్చికాయ కోసుకొని ఎవురింటికైనా పోతామా?"

"అది నేను తేల్చుకోవాల్సింది సార్. మీరు కాదు."

"అవును. తిట్టుకో" అన్నారు.

తిట్టుకున్నాను. మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. అప్పుడు నాకొచ్చిన కోపం న్యాయమైనదే, ఈ రోజుకీ అదే అంటాను. ఒకరి అవకాశాన్ని చేత్తో ఆపే హక్కు ఎంత మంచి మనిషికైనా లేదు. ఆ మాట ఆయన ముఖం మీదే మరో రెండు సార్లు అన్నాను. ఆయన కాదనలేదు. నా తరగతికి రావడమూ మానలేదు. పిలవకుండానే వచ్చి కిటికీకి ఆనుకుని నిలబడేవారు, ఆయనతో మాట్లాడకుండానే నేను పాఠం చెప్పేదాన్ని.

కానీ బోరు పాఠం పండింది. అది కూడా ఒప్పుకోవాలి. రెండేళ్లలో దాన్ని ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు. కణేకల్ వైపు కాలువ నీళ్లున్న ఊరి బడిలో చెబితే అక్కడి పిల్లలకు బోరు పట్టలేదు. వాళ్ల కోసం కాలువ గేటు దగ్గరి నీటి మట్టం కొలిచే కర్ర గీశాను. తనిఖీ కాకుండా నా తరగతికి మొదట ఇంగ్లీషు మేడం వచ్చింది, తర్వాత రబ్బరు జోకులేసిన వాళ్లాయన వచ్చాడు. మూడో ఏడు జపానుకు నా పేరు పంపారు. సిఫారసు సారే రాశారు. అప్పటికి ఆయన రిటైరై ఉరవకొండలో ఉంటున్నారు.

నేను వెళ్లింది సముద్రం పక్కన ఒక ఊరు. వారంలో నాలుగు రోజులు వాన. ఆ పిల్లలకు బోరంటే ఏమిటో చెప్పడానికే సగం గంట పట్టింది. నీళ్లు రాకపోతే ఏం చేస్తారని ఒకరు అడిగారు. ఇంకా లోతుకు పోతాం అన్నాను. నాకిచ్చిన దుబాసీ ఆ మాట వాళ్ల భాషలో చెప్పగానే అందరూ పెన్సిళ్లు కింద పెట్టి నల్లబల్ల వైపు చూశారు. ఆ తర్వాత పాఠం తనంతట తానే నడిచింది. టీచర్లు చుట్టూ నిలబడి పిల్లల ముఖాలు చూశారు. సారును ఉతికినట్టు నన్నెవరూ ఉతికి ఆరేయలేదు. నీళ్ల మట్టంతో మైనస్ చెప్పడం తాము ఎప్పుడూ చూడలేదని, తమ పుస్తకంలో పెట్టుకుంటామని అన్నారు. గాల్లో తేలుతూ బసకు వచ్చి సారుకు ఫోను చేశాను.

"పాఠం బాగా పోయింది సార్. అందరూ మెచ్చుకున్నారు."

"మంచిది. ఎవురికి అర్థం కాలేదు?"

నేను ఎదురుచూసిన మాట అది కాదు. అయినా జవాబు తెలుసు. "కిటికీ పక్కన ఒక పాప సార్. పక్కమ్మాయిది చూసి రాసింది."

"పేరేంది?"

"అడగలేదు సార్."

"నాలుగు వారాలాయె నువ్వు పోయి. ఇంగ ఎన్ని దినాలుండాది?"

"నాలుగు."

"అడిగి రా" అని పెట్టేశారు.

మళ్లీ ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చి, ఇంత మంది ముందు నెగ్గి, ఒక్క 'శభాష్' కోసం ఫోను చేస్తే ఈయన ధోరణి ఇది. తిట్టుకుంటూనే మర్నాడు గంట కొట్టకముందే దుబాసీని వెంటబెట్టుకుని పోయాను. ఆ పాప కిటికీ పక్కనే ఉంది. పేరు చెప్పింది. నేను పలికితే తల అడ్డంగా ఊపింది. మళ్లీ చెప్పింది. మళ్లీ తప్పు. పెదవులు ఎలా పెట్టాలో చూపించింది. నాలుగోసారికి సరిగ్గా వచ్చింది, అప్పుడు నవ్వింది. నవ్వాక అడిగింది, నిన్న అడగలేకపోయానని చెబుతూ. మీ ఊళ్లో నీళ్లు కిందికి దిగిపోతే, అక్కడి నుంచి ఎక్కడికి పోతాయి?

అంతమంది టీచర్లలో ఒక్కరూ అడగని ప్రశ్న. నాకూ పూర్తిగా తెలియదు. తెలియదనే చెప్పాను. ఇద్దరం నల్లబల్ల మీద రాయి, ఇసుక, బంకమట్టి పొరలు గీసుకుంటూ నిలబడ్డాం. దుబాసీ సుద్దముక్క తీసుకుని తానూ ఒక పొర గీసింది. గంట ఎప్పుడు కొట్టారో వినబడలేదు.

సాయంత్రం సారుకు ఫోను చేసి ముందు ఆ పాప పేరు చెప్పాను, తర్వాత ప్రశ్న చెప్పాను. ఆయన ఆ పేరు మెల్లగా, ఒక్కసారికే తప్పు లేకుండా పలికారు. ఆ ప్రశ్న రెండు సార్లు చెప్పించుకున్నారు.

"ఇప్పుడు పోయినావమ్మా నువ్వు జపానుకు" అన్నారు.